మావయ్య ప్యాంటులో బొంత

మావయ్య ప్యాంటులోని బొంత తీయించింది నేనే. ఇంత చిన్న మాట నోటికి రావడానికి నాకు సగం జీవితం పట్టింది. ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, భిలాయిలో మా తెలుగిళ్ళలో ఉద్యోగమంటే ఉక్కు ప్లాంటు ఉద్యోగమే. అది రానివాణ్ణి పెళ్ళిళ్ళకి వడ్డన కోసం పిలిచేవారు. (పంక్తిలో కూర్చోమని ఎవరూ అనేవారు కాదు.) అలాంటి నన్ను మావయ్య తను పనిచేసే కాంట్రాక్టరు దగ్గర సూపర్వైజరుగా పెట్టించాడు. వానలకి ముందు కరెంటు తీగల మీద వాలిన కొమ్మలు కొట్టించే పని. రంపం పట్టేది ఆయన, కాగితం మీద రాసేది నేను. ఆయన మా అమ్మకి పినతల్లి కొడుకు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఏళ్ళు గడిచినా మాట మాత్రం మొన్ననే రైలు దిగినట్టుండేది.

ఆ ఏడు మోటారు రంపం వచ్చింది. తగిన ప్యాంటూ బూట్లూ లేకుండా దాన్ని ముట్టుకోవద్దని పని చూసే ఆఫీసరు గట్టిగా చెప్పడంతో, కొనుక్కురమ్మని కాంట్రాక్టరు మా ఇద్దర్నీ పవర్ హౌస్ బజారుకి పంపాడు. పొద్దున్నే వెళ్ళొద్దామంటే మావయ్య ఒప్పుకోలేదు. "పొద్దున్న పాదం వేరు, సాయంత్రం పాదం వేరు అల్లుడూ. పనిచేసి వాచిన కాలికే బూటు కొనాల" అన్నాడు. కొట్లో నేను మెరిసే గోధుమరంగు బూట్లు చూపిస్తే తలెత్తలేదు. చీలమండ పైదాకా వచ్చే నల్లటి మొరటు జత ఎంచి, మందపాటి మేజోళ్ళ మీద తొడుక్కుని, కాలు చాపి "తొక్కు" అన్నాడు. పెద్దవాణ్ణి తొక్కడమేమిటని మెల్లగా తొక్కాను. "అన్నం తిన్లేదేటి?" అన్నాడు. ఈసారి ఎగిరి తొక్కాను. వేళ్ళ మీద దాగిన ఇనుప రేకుకి ఏమీ కాలేదు. తెగింది నా చెప్పు.

ప్యాంట్లు రెండు రకాలున్నాయి. ఒకటి నీలం, చక్కగా మడత నిలిచే గుడ్డ. ఇంకోటి నారింజ రంగు, తొడల ముందు ఏవో పొరలు కూరినట్టుండే బరువు. కొట్టాయన మావయ్యకి దాని సంగతి వివరిస్తున్నంతసేపూ నేను నీలం ప్యాంటు నడుముకి ఆనించుకుని అద్దంలో చూసుకుంటున్నాను. మావయ్య నారింజదే తీసుకున్నాడు.

మే నెల ఎండలో ఒక్కరోజు దాన్ని వేసుకుని, "ఆవిరికుడుమైపోనాన్రా" అని నవ్వాడు. ఆయన నవ్వాడు గానీ నాకు జాలేసింది. మర్నాడు పొడవు తగ్గించమని దాన్ని సెక్టర్ 2లో దర్జీకి ఇచ్చాను. "భయ్యా, ఇస్‌మే రజాయీ క్యోఁ?" అని దర్జీ ప్యాంటుని తొడల దగ్గర నొక్కి చూపించాడు. నిజమే, ఎండాకాలం బొంతెందుకు? తీసెయ్యమన్నాను. మావయ్యకి చలవ చేశానని ఛాతీ ఉప్పొంగింది. బయటికొచ్చిన తెల్లటి దారాల పొరల్ని పారేయబుద్ధి కాక నా సైకిలు సీటు కవరులో కూరుకున్నాను. (ఎంత మెత్తగా ఉండేదో.)

"తేలికైపోనాదేటిరా ఇది?" అన్నాడు మావయ్య.

"ఉతికితే అంతే మావయ్యా" అన్నాను, మళ్ళీ ఎక్కడ చలవ వద్దంటాడోనని.

నాలుగో రోజు, కింద పడిన కొమ్మని ముక్కలు చేస్తుండగా రంపం జారి ఆయన తొడకి తగిలింది. అప్పటికే రంపం పళ్ళ గొలుసు వేగం తగ్గుతోంది గనక కాలు దక్కింది. తొమ్మిది కుట్లతో పోయింది. తువ్వాలు కట్టి చెట్టుకి ఆనించి కూర్చోబెట్టాం. జీపు వచ్చేలోగా ఆఫీసరు చిరిగిన ప్యాంటు తడిమి చూశాడు. గొలుసు తగలగానే ఆ దారాలు పీక్కొచ్చి పళ్ళకి చుట్టుకుని రంపాన్ని ఆపేయాలట. కొట్లో అద్దం ముందు నేను వినని మాట అదన్నమాట.

"లోపలి పొరలు ఎవరు తీశారు?" అన్నాడాయన.

పక్కనే నా సైకిలుంది. సీటు కింద తెల్లదారం ఒకటి వేలాడుతోంది. మావయ్య ఆ దారాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"నేనే సార్. ఉక్కకి ఆగలేక."

నోరు తెరిచాను. నిజం చెప్తే మళ్ళీ వడ్డన గరిటే గతి అనిపించింది. మూసేశాను. ఆ తర్వాత ఆయన చేతికి ఎవరూ రంపం ఇవ్వలేదు. అన్ని చెట్లూ ఎక్కిన మనిషి కింద తాడు పట్టుకుని నిలబడ్డాడు, పని మానేసేదాకా. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

మొన్న నెహ్రూ నగర్‌లో ఆయన ఇంటికి వెళ్ళాను. "మావయ్యా, ఆ బొంత తీయించింది..." అని మొదలెట్టాను.

"నాకెందుకురా చెప్తావు, నాకు తెల్దేటి?" అని వంటింటి వైపు చూపించాడు. "మీ అత్తకి చెప్పు. ఇప్పటికీ కళ్ళజోడు మర్చిపోయినా, పాలు పొంగబెట్టినా, 'ప్యాంటులో బొంత పీకించుకున్న బుద్ధే గదా' అంటాది."

నెరిసిన జుట్టుతో, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏటి బాబూ, టీలోకి పంచదారా?" అంది అత్త.

"వద్దత్తా, సుగరు." గొంతు సవరించుకున్నాను. "ఆ ప్యాంటు పాడుచేసింది మావయ్య కాదత్తా, నేను. భయపడి ఊరుకున్నాను. క్షమించు."

"గట్టిగా చెప్పరా, ఆవిడకి వినపడదు" అన్నాడు ముందుగదిలోంచి మావయ్య.

వీధిలోకి వినపడేలా మళ్ళీ చెప్పాను.