నవమికీ తారీఖుకూ నడుమ

మా వదిన పోయిందన్న వార్త మా ఊరు ఎమ్మిగనూరు నుంచి వచ్చే బస్సు కండక్టరు ద్వారా నాకు చేరింది. ఆదోని పత్తి మండీలో తూకం దగ్గర ఉన్న నన్ను గడప అవతలినుంచే పిలిచి, "అప్పా, మీ వదిన పొద్దున్నే పోయినాదంట. బిన్నా, ఆలిస్యం సెయ్యక రమ్మన్నారు" అని చెప్పి, బస్సు నిలిపి వచ్చినవాడు కనుక, మరి నిలబడక వెళ్ళిపోయాడు.

కర్మలన్నీ ముగిశాయి. ఆమె సంతకం కూడా ఎరుగని మనిషి. మా ఇంట్లో కలం పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక ఆమెను గురించి నాలుగు మాటలు రాయవలసిన బాధ్యత నాదే.

నా తొమ్మిదవ ఏట మా అమ్మ పోయింది. మరుసటి ఏడు అన్న పెళ్ళి చేసుకుని తెచ్చిన పిల్లే నాకు అన్నం పెట్టి పెంచింది. పెద్దవాణ్ణయి ఆదోనిలో పనికి కుదిరాక, రాత్రిబడిలో చేరతానంటే బంధువులు నవ్వారు. ఆమె మాత్రం, నేతకు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంటలోంచి తల ఎత్తి, "పోగు తెగినాదని మగ్గం దిగి పోతామా? అతుక్కుంటాం. సదువు గూడా అంతే, పో" అన్నది. పగలు పత్తి తూచి, రాత్రి చదివి, ఇరవై ఏడవ ఏట ఎస్సెల్సీ పెద్దపరీక్ష గట్టెక్కాను. ఈ మాట గర్వంతోనే రాస్తున్నాను. ఆ గర్వం ఏమి చేసిందో కూడా రాయాలి.

మా అన్నకు మగ్గం తరువాత లోకంలో ఉన్నది ఫుట్‌బాలొక్కటే. నాకంటే జానెడు పొడుగు, చేతులూ పొడుగే; ఆదివారం వచ్చిందంటే ఆదోనికి వచ్చి గోలు కాసేవాడు. ఆ మైదానం గరుకు నేల. బంతి కోసం పక్కకు దూకిన ప్రతిసారీ మోచేతులు చెక్కుకుపోయేవి. ఆ కాలంలో ఆడవాళ్ళు ఆటకు వచ్చేవారు కారు. ఆమె జీవితంలో ఒక్క ఆట కూడా చూడలేదు. అయినా సాయంత్రం ఉప్పునీళ్ళతో గాయాలు కడుగుతూ, గుచ్చుకున్న రాళ్ళను గోటితో తీస్తూ, "ఈ పొద్దంతా ఎదుటోళ్ళు ఎడమ పక్కే వచ్చినట్లుండారే?" అనేది. అన్న ఆశ్చర్యపోయి, "నీకెవురు సెప్పినారే?" అంటే, "నీ మోచెయ్యి సెప్పినాది" అనేది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మా షావుకారు కొడుకు పుట్టినరోజు వేడుక చూసివచ్చి, పట్టణాలలో ఆ దినాన కానుకలు ఇచ్చుకుంటారని నేనే ఆమెకు చెప్పాను. మగ్గపు ఇళ్ళలో అటువంటి ఆచారం లేదు. ఆమె కొంతసేపు నూలు కండెలు చుట్టి, "అయితే మీ అన్నకు నేనొకటి ఇస్తా. ఏమియ్యాలనో నువ్వు తోడొచ్చి సూపీ" అన్నది.

ఆమెను ఆదోనిలో ఆటసామాన్ల అంగడికి తీసుకుపోయాను.

"పిల్లోనికి ఎన్నేండ్లమ్మా?" అన్నాడు అంగడాయన.

"ముప్పై ఏడు పోతాండాయి" అన్నది ఆమె. అతడు నవ్వాడు. నాకు తల తీసేసినట్లయింది. ఆమెకు కాలేదు.

తోలుబంతి చూపాడు. ఆమె రెండు చేతులా పట్టుకుని చూసి, "మా ఇంటాయన బంతిని పట్టేటోడప్పా. పట్టిందాన్ని మళ్ళా ఇసిరెయ్యాల్సిందే గదా. ఆయప్పకు మిగిలేదేముంది?" అని తిరిగి ఇచ్చేసింది. బూట్లు చూపాడు. "ఆయన కాలివేళ్ళతో నేలను కరిసి నిలబడతాడు. ఇవి ఏసుకుంటే నేల యాడ తెలుస్తాది?" అన్నది. చివరికి అతడు విసుగుతో ఈల తీసి బల్లమీద పెట్టాడు. "ఈయప్ప మాట ఇంట్లోనే ఎవురూ ఇనరు, ఊదితే ఆడ ఇంటారా?" అన్నది. ఈసారి అంగడాయన మనసారా నవ్వాడు.

బయటికి వచ్చి మా మండీ ముందు నడుస్తుండగా ఆమె ఆగింది. విప్పిన పత్తి బేలులోంచి గుప్పెడు దూది తీసుకుని తన మోచేతికి ఆనించి నొక్కి చూసుకున్నది. "అంగడిలో దొరికేది కాదులే ఇది" అన్నది. పొడుగు చేతుల అంగీ, మోచేతుల దగ్గర రెండు పొరల మందపు గుడ్డ, నడుమ దూది. ఆమె ఎంచుకున్న కానుక అది. అన్న ఆటకు వెళ్ళిన ఆదివారాలలో, పడుగుల చివర మిగిలిన పోగులతో ఆ గుడ్డను నేసి, తనే కుట్టింది.

ఇక మిగిలింది రోజు నిర్ణయించడం. అన్న జ్వరాల యేడు, అంటే 1918లో, శ్రీరామనవమి నాడు పుట్టాడని అమ్మ చెప్పేది. మా వాళ్ళకు అంతే తెలుసు. ఆమె నవమికే ఇస్తానన్నది. నేను ఒప్పుకోలేదు. పండుగ ఏటేటా ముందుకూ వెనక్కూ జరుగుతుందనీ, పుట్టినరోజు అన్నది మారని తారీఖు అనీ వాదించాను. మా రాత్రిబడి అయ్యవారి దగ్గర పాత పంచాంగం సంపాదించి, అన్న పుట్టిన ఏటి నవమి ఏప్రిల్ మూడవ వారంలో పడిందని తేల్చాను. కానుక కుట్టిన ఏటి నవమి అంతకు పంతొమ్మిది రోజుల ముందే వస్తున్నది.

"నవమి దేవునిది వదినా. అన్నది తారీఖు" అన్నాను.

"సరే, సదువులప్పా. నువ్వు సెప్పినాక అంతే" అన్నది.

నవమి వెళ్ళిపోయింది. ఆ తారీఖు ఇంకా నాలుగు రోజులుందనగా, ఆదివారం, అన్న మిట్టమధ్యాహ్నం ఎండలో గోలు కాశాడు. ఎమ్మిగనూరులో బస్సు దిగి ఇంటికి నడుస్తూనే తూలాడు. వడదెబ్బ. సోమవారం పొద్దెక్కేసరికి ప్రాణం పోయింది. స్నానం చేయించేటప్పుడు మోచేతుల మీద పచ్చి గాయాలు ఉన్నాయి. ఆమె వాటిని ఉప్పునీళ్ళతో కడిగింది. ఎవరూ వారించలేదు.

ఆమె ఒక్కనాడూ నన్ను నిందించలేదు. నిందించి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పి ఉండేవాణ్ణి. ఇరవై ఏళ్ళపాటు నవమి వచ్చినప్పుడల్లా పని కల్పించుకొని ఆదోనిలోనే ఉండిపోయాను. మైదానం పక్కగా పోవలసివస్తే గోలు కాసేవాడి మోచేతులే నాకు కనిపించేవి. బంతి చప్పుడు విని వెనుదిరిగి చూస్తే మైదానంలో ఎవరూ లేని సందర్భాలూ ఉన్నాయి.

ఆమె మంచం పట్టిన తరువాత ఒకనాటి మధ్యాహ్నం తలగడ దగ్గర కూర్చుని ధైర్యం చేశాను.

"వదినా, నవమికే ఇయ్యనిచ్చి ఉంటే అన్న తొడుక్కునేవాడు. నేనే అడ్డం పడ్డాను."

ఆమె పైకప్పు మీదినుంచి చూపు నా వైపు తిప్పింది. "నవమికి ఇయ్యలేదని నీకెవురు సెప్పినారు?" అన్నది.

నేను మంచం మీదికి వంగాను.

"మనసాగక పానకం ఇచ్చి, అంగీ గూడా ముందర పెడితి. తడిమి తడిమి సూసినాడు. మోచేతుల కాడ నొక్కి నవ్వినాడు. తొడుక్కో అంటి. 'తమ్ముడు సదివి, లెక్కగట్టి సెప్పినాడే. మన ఇంట్లో తారీఖు తెలిసినోడు వాడొక్కడే. వాని మాట మనమే కాదంటే ఊర్లో ఎవురింటారు? ఆ దినమే తొడుక్కుంటా' అనె. మడిసి నా సేతికే ఇచ్చె."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు వదినా?"

"సెప్తే నువ్వు సదువు మీద అలుగుతావని."

అని గోడవైపు తిరిగి పడుకున్నది. మా మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు. నెల తిరగకముందే ఆమె వెళ్ళిపోయింది.

పదకొండవ రోజున అందరూ వెళ్ళాక ఆమె పెట్టె తెరిచాను. అంగీ అడుగున ఉన్నది, అన్న మడిచి ఇచ్చిన మడతలోనే. తలుపు దగ్గరికి వేసి తొడుక్కున్నాను. భుజాలు జారాయి. చేతులు నా వేళ్ళను దాటి కిందికి వేలాడాయి. దూది ఉన్న చోటు మోచేతుల దగ్గర కాక ముంజేతుల మీదికి వచ్చింది. పక్కింటి మగ్గం ఆగి, మళ్ళీ ఆడసాగింది. ఆ చేతులను పైకి మడవాలని నాకు అనిపించలేదు. ఖాళీగా ఉన్న మగ్గం గుంట ఎదుట అలాగే నిలబడి ఉన్నాను.