బకెట్టుకు చెంచాడు ఈస్టు

ఇంట్లో చేసే బకెట్టు బీరుకు చిన్న చెంచాడు ఈస్టు చాలని బోధన్‌లో ఉండే మా అన్నకు చెప్పాను. ఎంత వేస్తే అంత కిక్కని ప్యాకెట్టంతా గుమ్మరించాడు. నురగ మూతను నెట్టేసింది, గదంతా కంపు కొట్టింది.

“బయటున్నది గా రూంల అడుగు వెట్టింది. పాడుగాక ఏమైతది కొడుకా?” అంది మా అమ్మ, నెలసరిలో ఉన్న వదినను చూపిస్తూ. వదినను పశువుల కొట్టంలోకి నెట్టారు.

తప్పు ఈస్టుదే గాని ఆమెది కాదని రుజువు చేయాలనుకున్నాను. వదిన కూడా సరేనంది. మరుసటి నెల బయటున్నప్పుడే, తన చేత్తోనే చెంచాడు ఈస్టు కలిపింది. బీరు బ్రహ్మాండంగా కుదిరింది. లొట్టలేస్తూ తాగుతున్న అన్నకు అప్పుడు ఆ సంగతి చెప్పాను.

“ముట్టు చేతులది నాతోని తాగిపిస్తవానే?” అని వదిన మీదికి లేచాడు. బకెట్టులో మిగిలింది మాత్రం పారబోయలేదు. అడుగుదాకా తాగి, ఆమెను పుట్టింటికి పొమ్మన్నాడు.