కదలని అమ్మమ్మ

మా తాతయ్య జీవితమంతా ఫోటోలు చూసి నూనె రంగులతో బొమ్మలు వేశాడు. ఫోటోలో మనిషి కదలడు, దాహమనడు, నడుం నొప్పనడు. మొహం చిటపటలాడుతున్నట్టుంటే పెదవి చివర కాస్త పైకి లేపి ఇచ్చేవాడు. ఇంటివాళ్ళు మురిసిపోయేవారు. ముసలితనంలో ఆయనకి బతికున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని వెయ్యాలని బుద్ధి పుట్టింది. అమ్మమ్మను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. పాపం, ఇంట్లో దొరికింది ఆవిడే.

పొరుగూళ్ళో ఆవిడ చెల్లెలు కాలు విరిగి మంచాన పడి ఉంది. వెళ్ళి దగ్గరుండి చూసుకోవాలని అమ్మమ్మ ప్రాణం కొట్టుకుంటోంది. "బొమ్మ అయిపోనీ, వెళ్దువుగాని" అనేవాడు తాతయ్య. చేతులు అయ్యాయి, బట్టల మడతలు అయ్యాయి, కుర్చీ కింద నీడ కూడా అయింది. మొహం ఒక్కటే తెమలదు. పొద్దున వేస్తాడు, సాయంత్రం చిన్న కత్తితో గీకేస్తాడు.

"గెడ్డం ఎత్తు. కదలకు."

"ముక్కు దురదగా ఉందండీ."

"ఓర్చుకో."

నేను వెళ్ళి గోకాను. వెలుతురుకి అడ్డమొచ్చానని ఆయన నన్ను కసిరాడు.

ఒకరోజు ఆయన కత్తి తీసేలోపే అమ్మమ్మ లేచొచ్చి బొమ్మ ముందు నిలబడింది. నేనూ తొంగి చూశాను. అచ్చం ఆవిడే. కుర్చీకి కట్టేసినట్టు కూర్చుంది, కళ్ళు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. పెదవి చివరనున్న నవ్వు ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది.

"బాగానే ఉందిగా, ఎందుకు గీకడం?"

"నవ్వు కుదరడం లేదే. ఎన్నిసార్లు పెట్టినా నీ కళ్ళు ఒప్పుకోవు."

"నేను నవ్వానా అసలు?"

అమ్మమ్మ గుడ్డపేలిక తీసుకుని, పిల్లల మూతి తుడిచినట్టు, ఆ నవ్వు మీది తడి రంగు తుడిచేసింది.

"ఇప్పుడయింది" అంది.

ఆయన వెనక్కి జరిగి చాలాసేపు చూశాడు. "అయింది" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆవిడ సంచి సర్దుకుంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"రంగు ఆరాక."

నూనె రంగు ఎంత బద్ధకంగా ఆరుతుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. బస్సు దాకా ఆయనే సంచి మోశాడు. తిరిగొచ్చి బొమ్మ చట్రానికి కొత్త గుడ్డ బిగించాడు. నేను జారుకునేలోపే భుజం పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టేశాడు.

"నవ్వమంటావా తాతయ్యా?" అన్నాను.

"నీ ఇష్టం" అన్నాడు.