ఆరువందల వాట్ల డబ్బా

పెట్టె మీద ఆరువందల వాట్లని రాసి ఉంది. తెరిస్తే లోపల మా ఆవిడ ఆఫీసుకు పట్టుకెళ్లే టిఫిన్ బాక్సు కంటే చిన్న డబ్బా ఒకటి, దాని వెంట ఒక నల్లటి అడాప్టర్. అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూశాను. బరువే లేదు. ఒళ్లు మండిపోయింది. మా ఇస్త్రీపెట్టె ఇంచుమించు అంత కరెంటు తాగుతుంది. దాని వైరు నా చిటికెన వేలంత లావుంటుంది. ఈ డబ్బా వైరు ఫోన్ చార్జర్ వైరులా ఉంది. ఎవర్ని మోసం చేద్దామని?

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. చేసేది మాత్రం రాయదుర్గంలో ఒక టవర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. లేని మనుషుల్ని వేలకొద్దీ పుట్టించి, వాళ్లందరూ ఒక్కసారిగా వెబ్‌సైట్ మీద పడితే అది నిలబడుతుందా, కుప్పకూలుతుందా అని చూడటం నా ఉద్యోగం. ఎవరు ఏ అంకె చెప్పినా నమ్మకపోవడం అక్కడ అలవాటైంది. అది ఇంటికీ వచ్చేసింది. పాల ప్యాకెట్టు మీద కొవ్వు శాతం చదివి పెదవి విరిచే మనిషిని నేను.

ఈ డబ్బా, అంటే గొంతును పెద్దది చేసే యాంప్లిఫయర్, కొన్నది మా అత్తగారి కోసం. ఆవిడది మూసాపేట. ఆ గల్లీలో బతుకమ్మకు పాట చెప్పేది ఆవిడే. పాదం ఆవిడ చెబుతుంది, చుట్టూ తిరిగే ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ అందుకుంటారు. మాది తెనాలి వైపు, బతుకమ్మ ఆటను దగ్గర నుంచి చూసింది పెళ్లయ్యాకే. మొదటిసారి చూసినప్పుడు, మైకు లేకుండా ఒక మనిషి గొంతు గల్లీ ఈ చివర నుంచి ఆ చివరికి అలా ఎలా వెళ్తుందా అని నోరెళ్లబెట్టాను.

పోయిన చలికాలం ఆవిడకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు మునుపటిలా లేదు. దవాఖానలో డాక్టరమ్మ మెల్లమెల్లగా సర్దుకుంటుందని చెప్పింది. ఇంట్లో అందరం బాగానే ఉందనేవాళ్లం. నా మటుకు నేను గొంతు చిన్నబోయిందనే అనుకున్నాను. చిన్నగా వచ్చేదాన్ని పెద్దగా వినిపించడం నేను చదువుకున్న చదువే కదా, అందులో భయపడటానికి ఏముంది?

అసలు చిక్కు గల్లీ కమిటీతో వచ్చింది. రెండేళ్లుగా వాళ్లు డీజే పెడుతున్నారు. ఈసారి మా అత్తగారు వాళ్లను నిలబెట్టి అడిగింది, పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు కొంచెం సేపైనా ఆ డబ్బాలు ఆపుతారా లేదా అని. "పెద్దమ్మా, నీ గొంతు గల్లీ ఆఖరి దాకా వినొస్తే డీజే బంద్ చేస్తం. లేకుంటే అదే నడుస్తది, మేమేం చెయ్యాలె" అన్నారట. ఆవిడ నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, నాకో మైకు సెట్టు చేసిస్తవా? సంచిలో పట్టాలె. నేనే మోసుకపోవాలె."

"దానికేం భాగ్యమండీ, చిటికెలో చేసిస్తాను" అన్నాను. పక్కన కూర్చున్న మా ఆవిడ నా మొహంలోకి అదోలా చూసింది.

అక్కడ మొదలైంది నాకు నిద్రపట్టని వ్యవహారం. ముందు అడాప్టర్ తిరగేసి చూశాను. పన్నెండు వోల్టులు, రెండు ఆంపియర్లు. రెంటినీ గుణిస్తే ఇరవై నాలుగు వాట్లు. లోపలికి పోయేదే ఇరవై నాలుగైతే బయటికి ఆరువందలు ఎక్కడి నుంచి ఊడిపడతాయి? పెట్టె మీద అంకె వేసినవాడు ఆ పక్కనే అడాప్టర్ మీద నిజం అచ్చువేసి మరీ పంపాడు. ఆ ధైర్యానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కోఠీ వెళ్లి తెల్లటి సిమెంటు రెసిస్టర్లు తెచ్చాను. స్పీకర్ తగిలించాల్సిన చోట వాటిని తగిలించి, ఫోన్లో ఒకే స్వరం ఆగకుండా మోగేలా పెట్టి, మల్టీమీటర్ ముళ్లు ఆనించాను. వచ్చిన వోల్టులను వోల్టులతోనే గుణించి, రెసిస్టర్ విలువతో భాగిస్తే వాట్లు తేలతాయి. అయితే వాల్యూమ్ చివరికంటా తిప్పి చూసిన అంకె పనికిరాదు. శబ్దం పగలడం మొదలయ్యే ముందు ఎంత వచ్చిందో అదే అసలుది. పగులుతోందా లేదా అని చెవితో తేల్చడానికి పక్కనే చిన్న స్పీకర్ కూడా పెట్టుకున్నాను. డైనింగ్ టేబుల్ అంతా వైర్లే. తేలింది ఏమిటంటే, ఒక్కో వైపు ఏడు వాట్లు.

ఏడు! మీటర్ తప్పేమోనని ఆఫీసులో స్నేహితుడి మీటర్ అడిగి తెచ్చాను. అదీ ఏడే అంది. ఇంకో కంపెనీ డబ్బా తెప్పించాను. దాని మీద వెయ్యి అని ఉంది, వచ్చింది అంతకంటే తక్కువ. మూడోది కాస్త బరువుగా ఉంటే ఆశపడ్డాను. విప్పి చూస్తే అడుగున బరువు కోసం ఒక ఇనుప పలక బిగించాడు. ఆ పలకను చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగాను, ఎవరికి చూపించాలో తెలియక. తెల్లాపూర్‌లో మా అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా పేరు చెప్పగానే పార్సిల్ వెనక్కి పంపడానికా, కొత్తది తీసుకోవడానికా అని అడగడం మొదలుపెట్టాడు.

ఆఫీసులో కూర్చున్నా కాలు నిలిచేది కాదు. పొద్దున్నే మీటింగులో ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెబుతుంటే నేను నోటు పుస్తకంలో వాట్ల లెక్కలు గీసేవాణ్ని. వాట్లు రెట్టింపు చేసినా చెవికి ఇంత పిసరే తేడా తెలుస్తుంది. ఆ సంగతి చదువుకునేటప్పుడు పరీక్షలో రాశాను కూడా. రాసినంత మాత్రాన ఒంటబడుతుందా? పండుగ దగ్గరికొచ్చే కొద్దీ ఆవిడ ఫోన్లు ఎక్కువయ్యాయి.

"అయిందా బిడ్డా? కమిటోళ్లు అడుగుతున్నరు."

"అవుతోందండీ, మీరేం కంగారు పడకండి."

"నాకేం ఫికర్ లేదు. నువ్వే జర పరేషాన్ అవుతున్నట్టున్నవ్."

ఒక ఆదివారం మా ఆవిడ నా ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది. "అమ్మకు ఈ మైకు వద్దు. డీజేనే పెట్టుకోనీ. ఒక్క ఏడాది పాడకపోతే ఏమైతది?"

"నిన్నటిదాకా లేనిది ఇప్పుడేమొచ్చింది?"

"వద్దంటే వద్దు. నీకు అర్థం కాదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నా చేత కాదని తేల్చేసిందనుకున్నాను. అన్నం కూడా సగంలో వదిలేసి లేచి కోఠీ పోయాను. వాట్లు పెంచడం మన చేతిలో లేనప్పుడు ఉన్న ఏడింటినీ వృథా పోకుండా చూడాలి. అందుకు మామూలు స్పీకర్ కాదు, ఊళ్లలో ఆటోలకు కట్టి ప్రచారం చేస్తారే, ఆ రేకు మైకు కావాలి. చిన్న సైజుది దొరికింది. తెచ్చి టెర్రస్ మీద పెట్టి, ఫోన్లో వార్తలు మోగించాను. అపార్టుమెంటు గ్రూపులో వెంటనే మెసేజ్ పడింది, ఎవరో ఎలక్షన్ ప్రచారం మొదలుపెట్టారని. ఎనిమిదో బ్లాకు నుంచి ఒకాయన ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోందండి, దయచేసి ఆపండి అని రాశాడు. ఆ ఫిర్యాదు చదువుకుని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ప్రతి మాటా స్పష్టంగా! టెస్టింగులో అంతకంటే మంచి రిపోర్టు నాకెప్పుడూ రాలేదు.

సద్దుల నాడు పొద్దున్నే సరంజామాతో మూసాపేట చేరాం. మా అత్తగారు తంగేడు, గునుగు పూల మధ్య కూర్చుని బతుకమ్మ పేరుస్తోంది. డబ్బా చూసి నవ్వింది. "గింతదానికి గంత సౌండ్ వస్తదా?" అంది. వస్తుందో రాదో చూద్దురుగాని రండి అని మేడ మీదికి తీసుకెళ్లాను. మా ఆవిడ మా వెనకే మెట్లెక్కింది.

రేకు మైకును నీళ్ల ట్యాంకు పక్కన ఇనుప రాడ్డుకు కట్టి గల్లీ వైపు తిప్పాను. ఆవిడను మేడకు ఈ కొసన నిలబెట్టి చేతికి వైరు లేని మైకు ఇచ్చాను. ఆవిడ కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఒక పాదం అంది.

అని, ఠక్కున ఆగి వెనక్కి తిరిగింది. "ఎవరది బిడ్డా? ఎవరు పాడుతున్నరు?"

ఆటపట్టిస్తోందనుకున్నాను. నవ్వాను కూడా. ఆవిడ నవ్వలేదు. మళ్లీ అదే పాదం అంది, ఈసారి రేకు మైకు వైపే చూస్తూ. అప్పుడు నేనూ విన్నాను. గొంతు చిన్నబోలేదు. చీలిపోయింది. పైకి వెళ్లాల్సిన చోట రెండు ముక్కలై, ఒక ముక్క గాలిలా పోతోంది. ఇన్ని వారాలు నేను ఒకే స్వరంతో, వార్తలతో, నా సొంత హలో హలోలతో పరీక్షించాను. ఆవిడ గొంతుతో ఒక్కసారీ చూడలేదు.

ఆవిడ మైకు దించింది. కూతురి వైపు తిరిగింది. "ఎప్పటిసంది గిట్లుంది?"

మా ఆవిడ ట్యాంకు పైపు పట్టుకుని నిలబడింది. "ఆపరేషన్ అయినకాంచి."

"నాకు మంచిగనే వినొస్తది గదా."

"ఎవల గొంతు వాళ్లకు లోపటికెల్లి అట్లనే మంచిగ వినొస్తదంట అమ్మా. డాక్టరమ్మ చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పాడుడు బంద్ చేస్తవని."

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. బాస్ కొంచెం పెంచితే గరుకు తగ్గుతుందండీ, ఇంకో మైకు తెస్తానండీ అని ఏదేదో వాగుతూ డబ్బా మీద ఉన్న మీటలన్నీ తిప్పాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ఆదివారం ఆమె ఎందుకు వద్దందో అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"పూలు వాడిపోతయి" అని మా అత్తగారు కిందికి దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం ఎంతకీ గడవలేదు. ఆవిడ పాడుతుందో లేదో చెప్పదు, అడిగే ధైర్యం మాకు లేదు. వరసగా పూలు పేరుస్తూనే ఉంది. నేను గల్లీ చివరి వరకు నడవడం, తిరిగి రావడం, సాయంత్రం డబ్బా తగిలించాల్సిన కిరాణా కొట్టులో ప్లగ్గు పనిచేస్తోందో లేదో చూడటం, మళ్లీ నడవడం. వెనక మెయిన్ రోడ్డు మీద మెట్రో వెళ్లినప్పుడల్లా తల ఎత్తి చూడటం. మా ఆవిడ రెండుసార్లు టీ ఇచ్చింది. రెండూ చల్లారిపోయాయి.

సాయంత్రం కొట్టు ఎదుటి ఖాళీ జాగాలో బతుకమ్మలన్నీ మధ్యన దింపారు. రేకు మైకును మేడ మీంచి తెచ్చి కొట్టు ముందు స్తంభానికి కట్టాను. ఆడవాళ్లు పెద్ద వలయంగా నిలబడ్డారు. డీజే దెబ్బకు కిరాణా కొట్టు షట్టర్ అదురుతోంది. మా అత్తగారు పట్టుచీర కట్టుకుని వచ్చి నేరుగా నా దగ్గరికి నడిచింది. చెయ్యి చాపింది. మైకు ఇచ్చాను. డీజే నడిపే అతను, నా ఈడువాడే, కమిటీ పెద్ద చెయ్యి ఊపగానే సౌండు ఆపాడు. ఒక్కసారిగా చెవులు ఖాళీ అయిపోయినట్టయింది.

ఆవిడ పాదం అందుకుంది. ఆ చీలిన గొంతు గల్లీ చివరిదాకా వెళ్లింది. ఏ మాటా దాగలేదు. బయటి వరసలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. చప్పట్లు పడ్డాయి గాని తడబడ్డాయి. పరుగెత్తి ప్లగ్గు పీకేద్దామా అనిపించింది.

"బిడ్డా, జర తగ్గియ్యి" అని మైకులోనే అంది. తగ్గించాను. ఇంకో పాదం. వలయం తిరుగుతోంది. "ఇంకింత తగ్గియ్యి." తగ్గించాను. బయటి వరస వాళ్లు లోపలికి ఒక అడుగు జరిగారు. మరో పాదం అయ్యాక ఆవిడ మైకును కొంగులో చుట్టి చంకలో పెట్టుకుంది. నడుస్తూనే ఉంది. మీటను పూర్తిగా వెనక్కి తిప్పేశాను. ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరికి వచ్చేశారు. మా ఆవిడ కూడా వాళ్లమ్మ పక్కనే ఉందని చీర రంగును బట్టి తెలిసింది. ఆ తర్వాత ఆ రంగూ కనపడలేదు.

నాకు ఆవిడ గొంతు వినపడటం మానేసింది. తిరిగి అనే వాళ్ల గొంతులే వినపడుతున్నాయి. ఒక పాదానికీ ఇంకో పాదానికీ మధ్య ఏమీ వినపడని ఆ కాసేపూ ఊపిరి బిగపట్టేవాణ్ని, ఆగిపోయిందేమోనని. మళ్లీ అందరూ ఒక్కసారిగా అందుకునేవాళ్లు.

డీజే అతను నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, పెద్దమ్మ పాట వినొస్తలేదు గదా. ఇగ పెట్టాల్నా?"

"ఆగు తమ్ముడూ, పాడుతోంది" అని అతని మోచెయ్యి పట్టుకున్నాను.

"నీకు వినొస్తుందా?"

"నాకూ వినపడట్లేదు" అన్నాను, అతని మోచెయ్యి వదలకుండా.