చెల్లెలి తల లోపలి బొమ్మ

కొండ దిక్కు తిరిగి చెయ్యెత్తి చెబుతా ఉండాను, ఇందులో ప్రతి మాటా నిజం.

మా అమ్మను సొంత మేనమామకే ఇచ్చినారు. చెల్లెలికి పుట్టుకతోనే ఒక జబ్బు. తిండిలో ఉండే రాగి లోహం బయటికి పోకుండా మెదడులో పేరుకుంటుంది. చేతులు వణకడం మొదలైనప్పుడు, నరాలకు మంచిదని అమ్మ రెండేళ్లు రాగిచెంబు నీళ్లే తాగించింది. జబ్బు పేరు తెలిసినాక ఆ చెంబు కంటపడకుండా దాచేసింది.

ఏటా పాకాల నుంచి తిరుపతికి పోయి మెదడు స్కానింగు తీయిస్తాము. మందులు పనిచేస్తా ఉండాయో లేదో దాంట్లో తెలుస్తుంది. ఈసారి తల వణికి బొమ్మ రెండుసార్లు చెదిరింది. మూడోసారి నన్నూ లోపలికి రమ్మన్నారు. చెల్లెలి పాదం పట్టుకుని నిలబడినాను.

"అన్నా, నీ కోతలు మాత్రం వద్దు. నవ్వితే తల కదుల్తాది."

"పోమ్మే, ఈడ కోస్తే మిషను నన్నే మింగేస్తాది."

అరగంట నోరు మూసుకుని ఉండటం నాకు అదే మొదలు. కాళ్లు పీకినాయి.

మెదడులో రాగి పేరుకున్న మచ్చలు తగ్గినాయని డాక్టరమ్మ చెప్పింది.

ఈ ఒక్కమాట కల్పించినాను. పోయినేడు ఎట్లుండాయో అట్లే ఉండాయని డాక్టరమ్మ నాతో అనింది. తగ్గినాయని బయట కూర్చున్న చెల్లెలికి చెప్పింది నేనే. నమ్మిందో, నాకోసం నమ్మినట్టు నటించిందో అడగలేదు. ఇద్దరమూ అలిసిపోయి ఉన్నాము.