నాచు లోపలి దొర

బోధన్‌లో ఎవరు ఏ తప్పు చేసినా, భోజన్న గారు ఆ బాధ్యతను సముద్రంలోని ఒక వైరస్ మీద మోపేవారు. ఆయన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం బోధించేవారు. రెండు వేల ఆరులో, సముద్రపు నాచును పట్టే భారీ వైరస్‌ల గురించి ఏదో పత్రికలో చదివిన నాటి నుంచి ఆయనకు మరో మాట లేదు.

ప్రిన్సిపాల్ సుమిత్రమ్మ గారు రుజువు లేని మాటను తన గదిలోకి రానిచ్చేవారు కాదు. కనుక ఆ వ్యాసం తెప్పించుకుని చదివారు. వైరస్ ఉందని ఒప్పుకున్నారు. అది బోధన్‌లో ఉందని మాత్రం ఒప్పుకోలేదు.

"సూడుండ్రి మేడం," అని ఆయన వివరించారు. "ఈ వైరస్ ఎప్పుడో నాచు దగ్గర్నే కొన్ని జీన్లు ఎత్తుకపోయింది. ఇప్పుడు వాటితోనే నాచును ఆడిస్తది. పని అయ్యేదాక సావనియ్యది, అయినంక బతుకనియ్యది. మిల్లు మనది, చెరుకు మనది, బాయిలర్ మనది. చక్కెర వానిది."

"మరి నాచు తప్పేంది?"

"ఏం లేదు. లోపల దొర కూసున్నంక నాచేం చేస్తది?"

ఈ సూత్రం ఇంటికీ వర్తించింది. ఒకనాడు పప్పులో ఉప్పు రెండింతలైంది. "నువ్వేం చేస్తవ్ శంకరమ్మా, లోపలి దొర ఏయించిండు," అన్నారు.

"ఏ దొర లేడు, నేనే ఏసిన. బియ్యం తెమ్మంటే మరిచొచ్చిండ్రు గదా," అన్నది భార్య.

ఆయన రెండో ముద్ద కలుపుకుంటూ, "గట్లనే అనిపిస్తడు," అన్నారు.

ఆలస్యంగా వచ్చిన విద్యార్థులకు కూడా దొర పేరు మీదనే హాజరు పడేది. సుమిత్రమ్మ గారి దృష్టిలో ఇది క్రమశిక్షణకు పట్టిన తెగులు.

ప్రాక్టికల్ పరీక్షకు బయటివాళ్లు వస్తున్నారని, తాత్కాలిక అటెండరు ముస్తఫా, ఇంటికి చుట్టాలు వచ్చే ముందు చేసినట్టే, ల్యాబంతా కడిగాడు. కిటికీ దగ్గరి సీసాల్లో పచ్చగా ఉన్నదాంట్లో బ్లీచింగ్ పౌడర్ వేసి, సీసాలను తళతళలాడించాడు. అది పరీక్ష కోసం భోజన్న గారు ఏడాదిగా పెంచిన చెరువు నాచు. పరీక్షకులు స్వచ్ఛమైన నీటిని మైక్రోస్కోపులో చాలాసేపు పరిశీలించి, పరీక్ష వాయిదా వేసి వెళ్లారు.

ముస్తఫాను తీసేయమని యాజమాన్యం కబురు పంపింది. విచారణ లేకుండా తీయనని సుమిత్రమ్మ గారు ఇద్దరినీ పిలిచారు.

"నేనే కడిగిన మేడం. గలీజ్ అనుకున్న. మాఫ్ చెయ్యుండ్రి," అన్నాడు ముస్తఫా.

"ఈయన కడుగకముందే అది సచ్చింది. వైరస్ పట్టింది," అన్నారు భోజన్న గారు.

"సముద్రపు వైరసా? మనకు సముద్రం ఎంత దూరం సార్?"

"శానా దూరం మేడం. అందుకే ఇన్నేండ్లు పట్టింది."

"లేదు సార్, నేను జూసినప్పుడు మంచిగ పచ్చగుండె," అన్నాడు ముస్తఫా.

"నువ్వు మాట్లాడకు. నీ లోపల ఎవరున్నరో నీకు తెల్వది."

సుమిత్రమ్మ గారు సాక్ష్యాన్ని తూచారు. ఆ వైరస్ తన సముద్రపు నాచును తప్ప మరో నాచును ముట్టదు. ఆ సంగతి ఆమెకు పలుమార్లు చెప్పింది భోజన్న గారే. ఆ వైరస్ శాస్త్రం విషయంలో ఆయన నోట తప్పు మాట రావడం ఇదే మొదటిసారి. నష్టపోయిందీ ఆయనే.

"చావుకు కారణం తేలలేదని రాస్తున్న," అన్నారామె.

"తేలలేదా? నేను చెప్తున్న గదా మేడం."

"సార్, మీ వైరస్‌కు ఈ కాలేజీల నౌకరీ లేదు. ముస్తఫాకు ఉన్నది. ఇద్దరూ పోయి కొత్త నాచు తెండ్రి."

ముస్తఫా బకెట్టు పట్టుకొచ్చాడు. భోజన్న గారు దాన్ని అందుకుని, లోపల ముక్కు పెట్టి, బ్లీచింగ్ వాసన లేదని నిర్ధారించుకుని, తిరిగి అతనికే ఇచ్చారు.

సుమిత్రమ్మ గారు అది చూడలేదు. చూడకుండా ఉండడానికి ఆమె కుర్చీని పూర్తిగా వెనక్కి తిప్పుకోవలసి వచ్చింది.