చీలమండ మీద బొటనవేలు

సిద్దిపేటలో నేను ఆక్యుపంక్చర్ సూదులు పెట్టే గదికి, నెలలు నిండిన ఒకామె కొండపాక నుంచి వచ్చేది. వాళ్ల అత్త పంతులును అడిగి కాన్పు ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టించింది. డాక్టరూ సరేనంది. ఈమెకేమో కోత అంటే ప్రాణభయం.

"నన్ను గన్న అవ్వ గసొంటి కోతకే పోయిందక్కా. ముహూర్తం లోపట్నే నాకు నొప్పులు రావాలె. ఇంకో సూది పెట్టు" అని బతిమాలేది.

సూదులతో నొప్పులు వచ్చితీరతాయని చెప్పలేనన్నా వినేది కాదు. నొప్పుల కోసం పెట్టిన సూది తీసేసిన చోట, చీలమండకు కాస్త పైన, బొటనవేలితో నొక్కుకుంటూనే కూర్చునేది. మాట్లాడినా, ఏడ్చినా ఆ వేలు అక్కడి నుంచి కదిలేది కాదు.

ముహూర్తం రోజు రమ్మని ఆమె ఫోన్ చేస్తే దవాఖానకు వెళ్లాను. స్ట్రెచర్ మీద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నొప్పులొస్తున్నయక్కా! జర వీళ్లకు చెప్పు!"

చెప్పాను. అత్త గోడ గడియారం వైపు చూసింది.

"వస్తే రానియ్యి. మంచి గడియ దాటిపోతే మళ్ల వస్తదా?"

స్ట్రెచర్ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

మర్నాడు చూడబోతే, పక్కన పాప నిద్రపోతోంది. ఆమె నన్ను చూడగానే అలవాటుగా చీలమండ వైపు చెయ్యి చాపి వంగబోయింది. కుట్లు వంగనివ్వలేదు.